80 ఆటల నిషేధం ఒక శిక్షేనా?

బెల్లందూరు రాయుడు:
మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో. క్లయింటు వాళ్లది అమెరికాలో అట్లాంటా. సాయంత్రం కాల్ మొదలయ్యేదే వాళ్ల ఊరి బేస్‌బాల్ టీం బ్రేవ్స్ కబుర్లతో. వినీ వినీ నాకూ ఆ పిచ్చి పట్టింది. ఆ టీం మూడేళ్లకు 4.2 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్న జురిక్సన్ ప్రొఫార్, 2025 మార్చిలో సీజన్ మొదలై వారం కాకముందే డోపింగ్‌లో దొరికాడు. 80 ఆటల నిషేధం పడింది. ఆ ఆటలకు జీతం లేదు, ఆ ఏడాది ప్లేఆఫ్స్ కూడా లేవు. జూలైకల్లా మళ్లీ గ్రౌండ్‌లో ఉన్నాడు. రెండోసారి దొరికితే 162 ఆటలు, అంటే ఒక సీజన్ మొత్తం, మూడోసారైతేనే జీవితకాలమట! మన అథ్లెట్ స్టెరాయిడ్‌తో దొరికితే మొదటిసారే నాలుగేళ్లు కదా. ఇదేం న్యాయం? మా మేనేజరేమో "తప్పు చేసినవాడికి ఇంకో ఛాన్స్ ఇవ్వాలి" అంటాడు.

కంఠీరవ మాస్టారు:
నాయనా, నేను బెంగళూరు కంఠీరవ స్టేడియంలో కుర్రాళ్లకు 400 మీటర్ల పరుగు నేర్పుతాను. నువ్వు ఆటలు లెక్కపెడుతున్నావు, ఆటగాడు చూసుకునేది కాంట్రాక్టు. అదే లీగ్‌లో ఆడిన జానీ పెరాల్టా సంగతి చూడు. 2013లో 50 ఆటల నిషేధం పడింది, అప్పటి రూలు అదే. నిషేధం ముగించుకుని అదే ఏడాది ప్లేఆఫ్స్‌లో ఆడేశాడు. నవంబరులో కార్డినల్స్ టీం వాళ్లు నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్నారు. అందులో పోయిన జీతం ఏ మూలకి? 2014లో నిషేధాన్ని 80 ఆటలకు పెంచి, ప్లేఆఫ్స్ కూడా ఆపారు గానీ కాంట్రాక్టు జోలికి పోలేదు. రాబిన్సన్ కానో అనే ఇంకో ఆటగాడు రెండోసారి దొరికి 2021 సీజన్ మొత్తం కూర్చున్నాడు, 2.4 కోట్ల డాలర్లు పోయాయి. నిజమే, అది తగిలే దెబ్బే. కానీ 2022లో మళ్లీ పాత జీతమే. మే నెలలో అతని టీం మెట్స్ వాళ్లు వదిలించుకున్నా ఆ డబ్బు కట్టక తప్పలేదు.

నన్నడిగితే, దొరికిన రోజు నుంచి మిగిలిన కాంట్రాక్టంతా లీగ్ కనీస వేతనానికి పడిపోవాలి. ఆటలు ఆడుకోనీ. మందు వేసుకుని సంపాదించిన రేటు మాత్రం ఉండకూడదు. ప్లేయర్ల యూనియన్ ఒప్పుకోదు, అది వేరే గొడవ. అక్కడి రూల్స్ లీగూ యూనియనూ కూర్చుని రాసుకున్నవి, మన అథ్లెట్లకు వర్తించే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) కోడ్ కాదు.

ఇక మన నాలుగేళ్ల గురించి అంత గొప్పగా చెప్పకు. మా దగ్గరికొచ్చే పిల్లలకు కాంట్రాక్టులేమీ ఉండవు, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఒక్కటే ఆశ. జిమ్‌లో ఎవడో అంటగట్టిన ప్రోటీన్ డబ్బాలో ఏం కలిపారో ఆ పిల్లాడికేం తెలుసు? నాలుగేళ్లంటే ఆ కోటాకి వయసే దాటిపోతుంది. కోట్లున్నవాడికి సగం సీజన్, ఏమీ లేనివాడికి బతుకంతా.

వైట్‌ఫీల్డ్ లక్ష్మి:
మాస్టారూ, పృథ్వీ షా దగ్గు మందులో టెర్బుటలిన్ ఉందని 2019లో ఎనిమిది నెలలు ఆపారు. మీ లెక్కన అలాంటివాళ్ల కాంట్రాక్టూ పోవాలా? టెస్టు తీసేవాళ్ల తప్పుల మాటేంటి? బేస్‌బాల్ ఆటగాడు రయాన్ బ్రాన్ శాంపిల్‌ని తీసినాయన వెంటనే కొరియర్‌కి ఇవ్వకుండా ఇంట్లో పెట్టుకున్నాడని 2012లో శిక్షే కొట్టేశారు. మరుసటి ఏడాది వేరే కేసులో అతనే 65 ఆటల నిషేధానికి ఒప్పుకున్నాడనుకోండి, అది పక్కన పెడదాం.

కంఠీరవ మాస్టారు:
దగ్గు మందుకి కాదమ్మా. స్టెరాయిడ్‌కీ, సిరప్‌కీ తేడా వాడా కోడ్‌లోనే ఉంది. నేను చెప్పేది మొదటి రకానికే, అదీ అప్పీలు తేలాకే.

వేళచ్చేరి వాసు:
టీంని ఎవరూ అడగరేం? ప్రొఫార్‌కి ఇవ్వని జీతం బ్రేవ్స్‌కి మిగిలినట్టే కదా! ఆస్ట్రోస్ టీం వాళ్లు 2017లో కెమెరా పెట్టి, ఏ బంతి వేయాలో చెప్పే అవతలి టీం క్యాచర్ సైగలు దొంగిలించారని తేలాక మేనేజర్‌కీ (మన కోచ్ లాంటివాడు) జనరల్ మేనేజర్‌కీ ఏడాది నిషేధం, టీంకి 50 లక్షల డాలర్ల జరిమానా, డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు) కోత. ఆ ఏడాది గెలిచిన కప్పు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది, ప్లేయర్లకు ఒక్క ఆట కూడా పోలేదు. మా సూపర్ కింగ్స్‌ని రెండు సీజన్లు బయట కూర్చోబెట్టారు, తెలుసుగా. ప్లేయర్లు వేరే టీంలకు పోయి ఆడుకున్నారు, ఏడ్చింది మాత్రం మేమే.

బెల్లందూరు రాయుడు:
వాసు అన్నా, ఆ మాట నిజం. మాస్టారూ, డోపింగ్ ఆరోపణలున్న బ్యారీ బాండ్స్ 762 హోమ్ రన్ల (మన సిక్సర్ల లాంటివి) రికార్డు సంగతేంటి? దాన్ని కొట్టేయాలా?

కంఠీరవ మాస్టారు:
ఎలా కొట్టేస్తావు? డోపింగ్‌కి లీగ్ అతన్ని ఒక్క ఆట కూడా నిషేధించలేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌కి (దిగ్గజాల గౌరవ జాబితా) 75 శాతం ఓట్లు కావాలి, 2022లో విలేకరులు ఓటేసే ఆఖరి బ్యాలెట్‌లో 66 దగ్గర ఆగాడు. రూల్ బుక్‌లో లేని శిక్షను విలేకరులు ఓట్లతో వేశారు. నాకది నచ్చదు, వేసేదేదో రాసి మరీ వేయాలి. రేపటి కాల్‌లో మీ మేనేజర్‌ని పెరాల్టా గురించి అడుగు, ఏమంటాడో ఇక్కడ రాయి.