కార్నియా మార్పిడి: ఇమ్యూనిటీకి కబురు అందదా, అందినా ఊరుకుంటుందా?

గోదారి_మాష్టారు:
కిడ్నీ మారిస్తే జీవితాంతం మందులు మింగాలి. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, మారిస్తే చాలామందికి స్టెరాయిడ్ చుక్కలతో గడిచిపోతుంది. కారణం తేలికే. కార్నియాలో రక్తనాళాలూ లేవు, ఇమ్యూనిటీ కణాలను మోసే లింఫ్ నాళాలూ లేవు. పరాయి కణజాలం వచ్చిందన్న కబురే బయటికి పోదు. 1948లో మెడవార్ అనే శాస్త్రవేత్త కుందేలు కంటి ముందు గదిలో (కార్నియా వెనక నీరుండే ఖాళీలో) వేరే కుందేలు చర్మం పెట్టి చూశాడు. రక్తనాళాలు పాకనంతకాలం అది బతికే ఉంది. ఇంతదానికి కన్నే ఇమ్యూనిటీకి కళ్లెం వేస్తుందని కొందరు చెప్పే పెద్ద కథ ఎందుకు?

ప్లీహం_పార్టీ:
కబురు పోకపోతే ఈ ప్రయోగం సంగతేంటి మాష్టారూ? ఎలుక కంటి ముందు గదిలో పరాయి ప్రొటీన్ ఎక్కించారు. తర్వాత దానితోనే టీకా వేసి, చెవిలో మళ్లీ ఎక్కించారు. చెవి వాచాలి కదా, పెద్దగా వాయలేదు! ముందే ప్లీహం తీసేసిన ఎలుకలకైతే మామూలుగానే వాచింది. కంట్లో ఉన్నది వట్టి గోడే అయితే, పొట్టలో అవయవం తీసేస్తే తేడా ఎందుకొస్తుంది? కబురు ప్లీహం దాకా వెళ్లింది. టీ కణాలంటే ఇమ్యూనిటీ తెల్ల రక్తకణాలు; వాటిలో దాడిని ఆపే రకం అక్కడ తయారయ్యాయి. దీనికి తోడు కంటి కణాల మీద ఫాస్ లిగాండ్ అనే ప్రొటీన్ ఉంటుంది, దాడికి లోపలికొచ్చిన టీ కణాలు దాన్ని తగిలి చస్తాయి. ఇది 1995లోనే తేలింది.

గోదారి_మాష్టారు:
ఎలుకల సంగతి సరే. మనిషికి ఒక కన్ను చితికితే, కొన్ని వారాలకో నెలలకో దెబ్బ తగలని రెండో కంట్లో వాపు వస్తుంది చూడండి, దాన్నేమంటారు? దాగి ఉన్న ప్రొటీన్ బయటపడింది, ఇమ్యూనిటీ ఎగబడింది. నేను చెప్పే గోడ అదే.

ప్లీహం_పార్టీ:
అది ఎంత అరుదో మీకూ తెలుసు. చితికిన ప్రతి కంటికీ గోడ కూలినట్టే కదా, మరి అందరికీ రెండో కన్ను ఎందుకు పోవడం లేదు?

ఆప్టోమ్_విజయ:
ఇద్దరూ కంటిని ఒకటే ముక్కగా చూస్తున్నారు. కార్నియాలోకి రక్తనాళాలు పాకినవాళ్లకి గ్రాఫ్ట్ రిజెక్షన్ (వేసిన కార్నియాను ఒళ్లు తిప్పికొట్టడం) బాగా ఎక్కువ, అక్కడ మాష్టారి గోడ నిజమే. కానీ ఆ నాళాలు రాకుండా ఆపుతున్నది కార్నియాయే. నాళాలు పెంచే వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ అది తయారు చేసుకుంటుందని 2006లో చూపించారు. గోడ కూడా ఊరికే నిలబడదండీ.

కొత్తసభ్యుడు:
మా అత్తయ్యకి కార్నియా వేశారు. ఇదంతా చదివాక అడుగుతున్నా, కన్నే చూసుకుంటుందిగా, చుక్కలు ఆపేయొచ్చా?

ఆప్టోమ్_విజయ:
వద్దు బాబూ! డాక్టర్ చెప్పకుండా ఆపకండి. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే తీసుకెళ్లండి.