‘సంధింపడే’లో ఆ ‘డే’ ఎవరిది?

రుషికొండ రాత్రిషిఫ్టు: నిన్నటి నుంచి ఒకటే నస. “సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపడే” తర్వాత పరివారం అని ఏదో వస్తుంది, నాలుక మీదే ఉండి ఊడిపడట్లేదు. నా పద్యాల ఫైళ్ళ మీద ఓ ఏఐ కోడింగ్ ఏజెంట్‌ని పెట్టుకున్నాను. దాన్నడిగితే “సంధింపడే” దగ్గర ఆపేసి, చివరి ఏకారం ఆశ్చర్యార్థకమని వ్యాఖ్యానం కూడా చెప్పింది. నిజమేనా? పనిలో పని, ఆ ఏజెంట్ పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములకి, అంటే టూళ్ళకి, డిస్క్రిప్షన్లు తెలుగులోనే రాస్తున్నాను. “మిగతా వరుసలు ఇవ్వదు” అనాలా, “ఇవ్వలేదు” అనాలా?

ఎంవీపీ మాస్టారు: ఆశ్చర్యం లేదు, ఏమీ లేదు. సంధింపడు, ఏ పరివారంబును జీరడు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఐదింటికి లేని ఏకారం ఒక్కదానికెందుకు?

లాసన్స్‌బే లక్ష్మి: ఒప్పుకోను మాస్టారూ. మా నాన్నగారు “సంధింపడే…” అని సాగదీసి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు “పరివారంబును” అందుకునేవారు. వినేవాళ్ళకి “అయ్యో, చక్రమైనా పట్టడే!” అనే తోచేది. పోతన చెవికి అది తెలియకుండా ఉంటుందా?

ఎంవీపీ మాస్టారు: చెవి సంగతి తర్వాతమ్మా, ముందు ప్రాస. రెండో పాదం “పరి”తో ఎత్తుకోవాలి, “సిరి”లోలాగే రెండో అక్షరం రేఫ తప్పదు. మత్తేభానికి పాదానికి 20 అక్షరాలు, ఆ ‘డే’ 20వది. ‘ఏ’కి కింద చోటు లేక పైకెక్కింది.

కంచరపాలెం కుర్రోడు: పద్యం మీరు తేల్చండి మాస్టారూ. గురూ, నీ టూలుకి డిస్క్రిప్షన్ ఏటి రాసావు?

రుషికొండ రాత్రిషిఫ్టు: “పద్యం వెతికి ఇస్తుంది.” అంతే.

కంచరపాలెం కుర్రోడు: అదీ సంగతి. నీ టూలు ఇచ్చేది మాట దొరికిన ఒక్క వరుస. ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్‌కి టూలు లోపలి కోడ్ కనబడదు కదా, పేరూ డిస్క్రిప్షనూ పారామీటర్లూ చూసే ఏ టూలు పిలవాలో తేల్చుకుంటాది. నువ్వు పద్యం అన్నావు, అది పాదాన్నే పద్యం అనీసుకుంది. ఇలా రాయి: “అడిగిన మాట ఉన్న వరుస మాత్రమే ఇస్తుంది. మొత్తం కావాలంటే ‘పద్యం తెరువు’ టూలు వాడాలి. ఖాళీ జాబితా వస్తే పద్యం లేదని కాదు; ఫైల్లో అరసున్న ఉంటే, అరసున్న లేని మాటకి దొరకదు.” నాకైతే ఓ పూటంతా ఆ అరసున్నే తినీసింది.

లాసన్స్‌బే లక్ష్మి: చూశారా, ఏం చెయ్యదో చెప్పడం! పోతన చేసిందీ అదేగా. చివరి “గజప్రాణావనోత్సాహియై” తప్ప పద్యమంతా చెయ్యని పనులే.

కంచరపాలెం కుర్రోడు: మేడం, ఆయనకి చెల్లింది. టూలుకి ఆరు “చెయ్యదు”లు రాస్తే అసలు చేసేదేటో వెతుక్కోవాలి. ఎక్కడ పొరబడతాదో ఆ ఒక్కటీ రాస్తే చాలు.

ఎంవీపీ మాస్టారు: “ఇవ్వలేదు” మాత్రం వద్దు నాయనా. మనిషైతే “వాడు ఇవ్వలేదు”, “వాడు ఇవ్వలేడు” అని విడిపోతాయి. టూలు నపుంసకం, దానికి రెండూ “ఇవ్వలేదు”. ఈసారికి ఇవ్వలేదా, ఇచ్చే శక్తే లేదా? మొదటిదనుకుంటే ఏజెంట్ దాన్ని మళ్ళీ మళ్ళీ పిలుస్తూనే ఉంటుంది.

లాసన్స్‌బే లక్ష్మి: మాటలో తేడా ఉంది మాస్టారూ. శక్తి లేకపోతే ‘లే’ మీద నొక్కుతాం, జరక్కపోతే మింగేస్తాం.

ఎంవీపీ మాస్టారు: రాతలో ఎక్కడ నొక్కుతావమ్మా?

లాసన్స్‌బే లక్ష్మి: అక్కడే పోతన గొప్ప. నొక్కు కావాల్సిన చోట పాదం విరిచాడు.

ఎంవీపీ మాస్టారు: మళ్ళీ మొదటికొచ్చావు. “అల వైకుంఠపురంబులో” దగ్గర ఆయన ఆగిపోతే స్వామే వచ్చి పూర్తిచేశాడంటారు. ఈ ‘డే’ కూడా స్వామి ఖాతాలోనే వేసెయ్.

రుషికొండ రాత్రిషిఫ్టు: కుర్రోడు చెప్పినట్టే మార్చాను. ఇప్పుడు నాలుగు పాదాలూ ఇచ్చింది. కాకపోతే “పరివారంబును జీరడు” అంటే పరివారాన్ని చీల్చడు అని అర్థం చెప్పింది.

ఎంవీపీ మాస్టారు: రామ రామ. చీరు అంటే పిలవడం.

లాసన్స్‌బే లక్ష్మి: చీల్చడం కూడా ఉంది మాస్టారూ, నిఘంటువు తియ్యండి.