అమ్మ ఒక్కతే బయటికెళ్ళి రాగలిగే ఊరు ఏది? ఫ్రిస్కో నుంచి సింగపూర్‌కి మారాలా, వద్దా?

తెనాలి వాసి (ఫ్రిస్కో, టెక్సాస్)

మా ఆఫీసులో సింగపూర్ వెళ్తావా అని అడిగారు. నెలాఖరులోపు చెప్పాలి. జీతం, పన్నులు, గ్రీన్‌కార్డు లెక్కలు నేనూ మా ఆవిడా చూసుకున్నాం, వాటి జోలికి పోవద్దు. నేనడిగేది మాకూ, మా పాపకీ, వచ్చి ఉండే అమ్మకీ రోజువారీ బతుకు ఎలా ఉంటుందని.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. ఆరు నెలలు ఉండొచ్చని విమానాశ్రయంలో రాసిచ్చారు. పదకొండో వారంలోనే టికెట్ మార్పించుకుని వెళ్ళిపోయింది. అమ్మకి 69 ఏళ్ళు. తెనాలిలో పొద్దున్నే తనే సంచీ పట్టుకుని మార్కెట్‌కి వెళ్తుంది, బేరమాడి వంకాయలు తెచ్చుకుంటుంది, దారిలో నలుగుర్ని పలకరించి గుడి చూసుకుని వస్తుంది. ఇక్కడ మాకు దగ్గర కొట్టంటే రెండు మైళ్ళు. మధ్యలో ఆరు వరసల రోడ్డు. డాలస్ చుట్టుపక్కల బస్సులూ రైళ్ళూ నడిపే డార్ట్‌లో మా ఊరు చేరనేలేదు. వచ్చిన మొదటి వారం కిటికీ దగ్గర కూర్చుని అడిగింది: "ఇన్ని ఇళ్ళున్నాయి, మనుషులెక్కడుంటార్రా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడా మాట నిద్రపోనివ్వడం లేదు.

నా వాదన ఇది. ముసలివాళ్ళు, పిల్లలు ఎవర్నీ అడక్కుండా గడప దాటి, పని చూసుకుని, ఇంటికి రాగలిగితేనే అది ఊరు. ఆ లెక్కన సింగపూర్ మా అమ్మకి మంచిదనుకుంటున్నాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

సెరంగూన్ అక్క (సింగపూర్)

తమ్ముడూ, పన్నెండేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను. నువ్వనుకున్నది నిజమే.

ఇక్కడ పౌరుల్లో, శాశ్వత నివాసుల్లో పదిమందిలో ఎనిమిదిమంది దాకా ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. మేమూ అలాంటి ఫ్లాట్‌లోనే అద్దెకుంటున్నాం. ఆ కట్టడాల్లో కింది అంతస్తు చాలాచోట్ల ఖాళీగా వదిలేస్తారు. ముసలివాళ్ళు అక్కడే కూర్చుంటారు, పెళ్ళయినా చావయినా అక్కడే. దాటితే కాఫీ కొట్టు, క్లినిక్, పక్కనే పొద్దుటి కూరగాయల మార్కెట్. మా అత్తగారు ఇంగ్లీషు రాకుండానే మూడో వారం నుంచి ఒక్కరే టెక్కా మార్కెట్‌కి వెళ్ళొచ్చేవారు. మునక్కాయలు, కరివేపాకు, లేత బెండకాయలు దొరుకుతాయి. గోంగూర కావాలంటే తమిళంలో పుళిచ్చకీరై అని అడగాలి, అది నేర్చుకుని వచ్చిన రోజు ఆవిడ మొహం చూడాల్సింది.

తిండి మాటకొస్తే, హాకర్ సెంటర్లు. ఒకప్పుడు ఇక్కడా మన ఊళ్ళలోలాగే రోడ్డు మీద బళ్ళే. 1970ల నుంచి ఆ బళ్ళవాళ్ళకి కప్పు, కుళాయి, మురుగు కాలవ ఉన్న కేంద్రాలు కట్టి అందులోకి మార్చారు. 1986 కల్లా ఆ పని పూర్తయింది. 2020లో యునెస్కో ఆ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు గొప్పగా తోచేది జాబితా కాదులే, బ్యాంకు మేనేజరూ, రోడ్డు ఊడ్చే మనిషీ పక్కపక్క బల్లల మీద అదే అయిదారు సింగపూర్ డాలర్ల భోజనం తినడం.

కష్టాలూ చెప్తాను. అద్దె నెలకి ఇక్కడి డాలర్లలో 3,000 చుట్టూ పోతుంది, ఇల్లేమో మీ గరాజంత. కారు మాట మర్చిపో, పదేళ్ళు నడుపుకునే హక్కు పత్రానికే 2023లో లక్ష డాలర్లు దాటింది. ఇంకోటి ముఖ్యం: అమ్మని ఎక్కువకాలం ఉంచుకునే పాస్ రావాలంటే నీ జీతం నెలకి 12,000 సింగపూర్ డాలర్లయినా ఉండాలి. అది ముందే కనుక్కో.

ప్లేనో నాన్న

తెనాలి వాసి గారూ, మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది. తీర్పు మాత్రం ఒప్పుకోను.

మా అమ్మానాన్నా నాలుగుసార్లు వచ్చారు. మొదటిసారి మీ అమ్మగారిలాగే ఇల్లు జైలన్నారు. రెండోసారికి మా కాలనీలో సాయంత్రం నడకకి వచ్చే పెద్దవాళ్ళు పదిహేనుమంది అయ్యారు. అందరూ మనవాళ్ళే, గుంటూరు, కరీంనగర్, అనంతపురం. చెరువు గట్టు మీద బెంచీలన్నీ వాళ్ళవే. శనివారం ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడికి ఎవరో ఒకరు తీసుకెళ్తారు. పెరట్లో అమ్మ వేసిన గోంగూర, ఆనపపాదు ఆగస్టు దాకా కాస్తాయి. సంక్రాంతికి ఇంట్లో నలభైమందికి వండి వడ్డించాం. సింగపూర్ ఫ్లాట్‌లో నలుగురు చుట్టాలొస్తే ఎక్కడ పడుకుంటారు?

పిల్లల సంగతి కూడా ఆలోచించండి. అక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది, మన భారతీయ భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. మీ అమ్మగారు మనవరాలితో ఏ భాషలో మాట్లాడాలి? నడిచి కొట్టుకెళ్ళడం గొప్పే, కానీ అది రోజుకో అరగంట పని. మిగతా రోజంతా గడిచేది మనుషులతో.

స్టుట్‌గార్ట్ నుంచి

ప్లేనో నాన్న గారూ, ఆ మనుషులు తారసపడాలన్నా దారి ఉండాలి కదండీ. మీ బెంచీల దగ్గరికి చేరలేని ఇళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళున్నారో మీకు కనపడరు.

నేను పట్టణ ప్రణాళిక చదివాను కాబట్టి ఒక్క మాట. అమెరికాలో ఇళ్ళ మధ్య కొట్టు లేకపోవడం అలవాటు వల్ల వచ్చింది కాదు, చట్టం వల్ల వచ్చింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్‌ని సమర్థించాక ఇళ్ళకి ఒక ప్రాంతం, కొట్లకి ఇంకో ప్రాంతం అని గీసుకుంటూ పోయారు. ఇక్కడ జర్మనీలో మామూలు నివాస ప్రాంతంలో ఆ వీధివాళ్ళకి కావాల్సిన కొట్టూ, చిన్న హోటలూ పెట్టుకోవడానికి నిబంధనలే అనుమతిస్తాయి. అందుకే మా వీధి చివర రొట్టెల కొట్టుంది, దాని పక్కన తుర్కీవాళ్ళ కూరగాయల కొట్టు. వంకాయ, కొత్తిమీర, పుదీనా అక్కడే. 85 ఏళ్ళ పక్కింటావిడ చక్రాల ఊతబండి తోసుకుంటూ తనే వెళ్ళొస్తుంది.

అయితే మా అమ్మకి ఇక్కడా పడలేదు. ఆదివారం దాదాపు కొట్లన్నీ మూసేస్తారు, ఆ విశ్రాంతికి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. రాత్రి పదింటి తర్వాత మిక్సీ వేస్తే పక్కవాళ్ళు తలుపు కొడతారు. మా వైపు ఇంకో ఆచారం: వారానికొక కుటుంబం మెట్లూ ముంగిలీ ఊడవాలి, ఎవరి వంతో వాళ్ళ తలుపుకి చెక్క పలక తగిలిస్తారు. అది మాత్రం అమ్మకి భలే నచ్చింది. మా వంతు వచ్చినప్పుడు తనే ఊడ్చి, ఊరుకోలేక మూల చిన్న ముగ్గు పెట్టింది. కింది ఇంటాయన వచ్చి ఫొటో తీసుకున్నాడు. ఆ చలికాలం ఆవిడతో ఇరుగుపొరుగు మాట్లాడింది ఆ ఒక్కరోజే. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. వీసా కూడా 180 రోజుల్లో 90 రోజులకే.

కూకట్‌పల్లి వాపస్

అన్నలూ, అక్కలూ, అందరు బయటి దేశాల ముచ్చట్నే చెప్తున్నరు. అమ్మలు ఉన్న తావుకు మీరు రావొచ్చు గదా అని ఒక్కలు అంటలేరు. నేను న్యూజెర్సీల తొమ్మిదేండ్లు ఉండి 2019ల వాపస్ వచ్చిన.

మంచి మొదలు చెప్త. మా అమ్మకు 72 ఏండ్లు. రైతుబజార్ నడిచే దూరం. వంట చేయబుద్ధి కాని దినం కర్రీ పాయింట్ల పప్పు, పుల్లగూర తెచ్చుకుంటది. 2023 డిసెంబర్ 9 సంది బస్సుల ఆడోళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపెట్టి సికింద్రాబాద్ల మా చిన్నమ్మ ఇంటికి ఒక్కతే పోతది. ఇంతకుముందు పైసలకు కొడుకును అడగాలె, ఇప్పుడు అడగదు. అమ్మ మాటతీరే మారింది.

ఇగ చెడ్డది. పోయినేడు రైతుబజార్ నుంచి వస్తుంటే ఫుట్‌పాత్ మీద పలక లేని తావుల కాలు పడి మడిమె విరిగింది. మూడు నెలలు మంచం. ఆ ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు బైకులు, ఒక మిర్చి బండి ఉంటయి. ముసలోళ్ళు రోడ్డు మీదికి దిగాల్సిందే. మెట్రో స్టేషన్ కనపడుతనే ఉంటది, దాంట్లెకు పోవాలంటే రోడ్డు దాటుడు పెద్ద యుద్ధం.

సెరంగూన్ అక్క చెప్పిన బళ్ళ ముచ్చట నాకు బాగ తాకింది. మనకాడ బండి తీసేస్తే ఫుట్‌పాత్ బాగైతదనుకుంటరు. వీధి వ్యాపారుల చట్టం 2014లనే వచ్చింది, వాళ్ళకు జాగ చూపియ్యాలె అని దాంట్ల ఉన్నది. ఆ మిర్చి బండామె కాడ కూసొనే అమ్మ సగం కాలనీ ముచ్చట్లు వింటది. ఆమెను ఎల్లగొట్టొద్దు, ఆమెకు కప్పు, కుళాయి ఇయ్యాలె. సింగపూర్ సర్కార్ చేసింది గదే గదా. తెనాలి అన్నా, నువ్వు ఏడికి పోయినా సరే, మా ఊర్ల కాలు పెట్టే జాగ కోసం గిట్ల అడిగెటోళ్ళు కావాలె.

రాజమండ్రి మాస్టారు

నాకు 74 ఏళ్ళు. మీరంతా మాట్లాడుకుంటున్నది మా గురించే కాబట్టి నేనూ రాస్తున్నాను, బాబూ. మా పెద్దవాడు డాలస్ దగ్గర ఉంటాడు, అమ్మాయి సింగపూర్‌లో. రెండుచోట్లా ఉండి వచ్చాను.

టెక్సాస్‌లో మావాడు నాకు ఏ లోటూ రానివ్వలేదు. అదే చిక్కు. క్షవరానికి వాడే, కళ్ళజోడు స్క్రూ బిగించడానికి వాడే, పుల్లట్టు తినాలనిపిస్తే వాడే. శనివారం దాకా ఆగాలి. వాడి మొహం చూస్తే అడగబుద్ధయ్యేది కాదు. పొద్దస్తమానం అలిసిపోయి ఉంటాడు. 38 ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి ఇల్లు నడిపినవాణ్ణి, ఒక టీ తాగడానికి కొడుకు సెలవు కోసం ఎదురుచూశాను.

సింగపూర్‌లో అమ్మాయి నా చేతిలో రైలు కార్డూ, కాస్త డబ్బూ పెట్టింది. కిందికి దిగి నేనే టీ కొనుక్కునేవాణ్ణి. చిల్లర లెక్కపెట్టుకుని జేబులో వేసుకునేవాణ్ణి. రైలెక్కి ఫరర్ పార్క్‌లో దిగితే శ్రీనివాస పెరుమాళ్ గుడి. ఒకరోజు తప్పిపోయి వేరే స్టేషన్‌లో దిగాను. ఒక చీనా ముసలాయన వేళ్ళతో స్టేషన్లు లెక్కపెట్టి చూపించాడు. ఇంటికొచ్చి మా అమ్మాయికి గర్వంగా చెప్పుకున్నాను, తప్పిపోయి వచ్చానని.

అయితే ప్లేనో అబ్బాయి మాట తీసిపారెయ్యకండి. సింగపూర్‌లో నాతో తెలుగు మాట్లాడినవాళ్ళు మా ఇంట్లోవాళ్ళే. లిఫ్టులో తలూపుతారు, అంతే. డాలస్‌లో మాత్రం గుడిలో ఒక రిటైర్డ్ తహసీల్దారు స్నేహం అయ్యాడు, ఇప్పటికీ వారం వారం ఫోన్ చేస్తాడు. ఆయన్ని చూడ్డానికైనా ఇంకోసారి వెళ్ళాలని ఉంది. కాబట్టి బాబూ, మీ అమ్మగారు దేనికి బెంగపెట్టుకుంటారో మీకెవరూ చెప్పలేరు. ఆవిణ్ణి అడిగావా?

ప్లేనో నాన్న

మాస్టారూ, కొడుకు సెలవు కోసం టీకి ఎదురుచూశానన్నారు చూడండి, అది చదివి లేచి వెళ్ళి మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయనా అదే అన్నారు. నాలుగుసార్లొచ్చి ఒక్కసారీ నాతో అనలేదు. నా మాట వెనక్కి తీసుకోవడం లేదు, మనుషులే ముఖ్యం. కానీ ఈసారి వాళ్ళొచ్చేలోపు డార్ట్ స్టేషన్‌కీ కొట్లకీ దగ్గర్లో అద్దె ఇల్లు చూస్తాను. ఈ ఇల్లు అద్దెకిచ్చేస్తాం. పిల్లల బడి మారకుండా దొరికితే చాలు.

తెనాలి వాసి (ఫ్రిస్కో, టెక్సాస్)

అడగలేదు మాస్టారూ. రెండు దేశాలు పోల్చి పట్టిక వేశాను గానీ అమ్మని అడగలేదు. నిన్న రాత్రి అడిగాను. ముందు "మీరెక్కడుంటే అక్కడే నాయనా" అంది. అది జవాబు కాదమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మూడు ప్రశ్నలు వేసింది. కిందికి దిగితే కూరగాయలు దొరుకుతాయా? దొరికితే బేరమాడనిస్తారా? మంగళవారం గుడికి నేనొక్కదాన్నే వెళ్ళగలనా? బేరం సంగతి నాకు తెలీదు. జీతం 12,000 దాటుతుంది, ఆ పాస్ గురించి కనుక్కున్నాను. పాపకి తెలుగు ఇంట్లో అమ్మే చెప్తానంది.

కూకట్‌పల్లి అన్నా, మీ అమ్మగారి కాలు ఇప్పుడెలా ఉంది? మీరడిగిన మాట నన్ను వదలడం లేదు. పాప పదో తరగతికి వచ్చేలోపు దానికీ ఒక సమాధానం చెప్పాలి.

సెరంగూన్ అక్కా, వెళ్దామనే అనుకుంటున్నాం. ఇల్లు ఫరర్ పార్క్ వైపు చూడమంటావా, బూన్ కెంగ్ వైపా? అద్దె కాస్త ఎక్కువైనా పరవాలేదు, ఇంటికీ మార్కెట్‌కీ మధ్యలో పెద్ద రోడ్డు దాటే పని లేకుండా ఉండాలి.

సెరంగూన్ అక్క (సింగపూర్)

అమ్మకి టెక్కా, గుడి రెండూ నడకలో ఉండాలంటే ఫరర్ పార్కే. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగే బ్లాకు చూడు, పాతవాటిలో కొన్ని అలా ఉండవు. బేరం మాత్రం రెండు కట్టలు తీసుకుంటే ఆడొచ్చని చెప్పు. మా అత్తగారు రోజూ ఆడేవారు. ఏ కొట్టులో ఆడొచ్చో నేను చూపిస్తాను, అమ్మని ముందు మా ఇంటికి తీసుకురా.