చాపరాయి: ఆరేళ్ళ పాపని నీళ్ళలో దింపవచ్చా?

మధురవాడ నుంచి:
డిసెంబరులో అరకు వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లోని చాపరాయి వాగులో బండ మీద పిల్లలు జారుతున్న వీడియో చూసిన దగ్గర్నుంచి పాప తనూ జారతానని ఒకటే గొడవ. మా ఆయనేమో ‘అక్కడ మోకాలి లోతే, టెన్షన్ ఎందుకు’ అంటున్నారు. నిజమేనా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రైల్లో వస్తాం.

రైలు పిచ్చోడు:
కిరండూల్ రైలెక్కి అరకులో దిగండి. చాపరాయి అక్కడి నుంచి పాడేరు రోడ్డులో సుమారు 15 కిలోమీటర్లు. రానూపోనూ కలిపి ఆటో మాట్లాడుకోండి. అద్దాల బోగీ కావాలంటే ముందే రిజర్వేషన్ చేయించాలి.

డుంబ్రిగూడ వాడిని:
మీ ఆయన చెప్పింది సగమే నిజమండి. పెద్ద బండ మీద నీళ్ళు పల్చగా పరుచుకుని పారే చోట భయం లేదు. బండ దాటాక గెడ్డ (వాగు) రాళ్ళ మధ్య ఇరుకైపోతుంది, అక్కడ గుంటలున్నాయి. పైకి నీరు కదలనట్టే ఉంటుంది, దిగితే కాలు అందదు. ఈత వచ్చిన కుర్రాళ్ళే పోయారు. పాపని అటు వెళ్ళనివ్వకండి.

జారేటప్పుడు కూర్చోబెట్టే జార్చండి, కింద పెద్దవాళ్ళు ఒకరు నిలబడాలి. రాయి నల్లగా నిగనిగలాడుతోందంటే పాకుడే, అక్కడ నిలబడి నడవొద్దు. పాపకి పాత ప్యాంటు వెయ్యండి, వెనకాల చిరుగుతుంది. చెప్పులు విప్పితే పట్టు బాగుంటుందంటారు కొందరు. ఆదివారం జనం పగలగొట్టి పోయే సీసా పెంకులు వాళ్ళు చూసినట్టు లేదు. పట్టున్న శాండల్స్ వేసుకోండి.

ఇంకోటి. కొండ మీదెక్కడో వాన పడుతుంటుంది, ఇక్కడ ఎండే కాస్తుంటుంది. నీళ్ళు ఎర్రబడి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే ఫోటోలు ఆపేసి ఒడ్డెక్కెయ్యండి. జూన్ నుంచి అక్టోబరు దాకా అయితే నేనసలు రమ్మనను. డిసెంబరులో వానల బెడద తక్కువే గానీ తుపాను కబురుంటే మానుకోండి.

పొద్దున్నే వస్తే నీళ్ళు ఐసే. ఎలాగూ రైలు దిగి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, బండ కాస్త వెచ్చబడుతుంది. అత్తగారిని ఒడ్డునే కూర్చోబెట్టి బొంగు చికెన్ తినిపించండి.

మధురవాడ నుంచి:
ఆవిడ గుడ్డు కూడా ముట్టరండి! మా ఆయనకి చదివి వినిపించాను, ‘సరే, బండ మీదే’ అన్నారు. శాకాహారం ఏమైనా దొరుకుతుందా?

డుంబ్రిగూడ వాడిని:
అయ్యో! అయితే భోజనం అరకులోనే కట్టించుకుని రండి. ప్లేట్లు మాత్రం గెడ్డలో వెయ్యకండి, కింద మా ఊళ్ళున్నాయి.