ఈ ఫాంటమ్ కథల అసలు స్ట్రిప్‌లు ఏ సంవత్సరానివో ఎలా కనుక్కోవాలి?

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ఇంద్రజాల్ కామిక్స్ బైండు ఒకటి దొరికింది. ఎనిమిది సంచికలు, అన్నీ ఇంగ్లీషువే. ఏ అద్దె పుస్తకాల షాపుదో, లోపల స్టాంపు సగం చెరిగిపోయింది. బైండు చేసినాయన అట్టలు పీకేసి అంచులు కూడా కోసేశాడు (చేతులెలా వచ్చాయో!), అందుకే సంచిక నెంబర్లు లేవు.

అమెరికా పేపర్లలో వచ్చిన ఫాంటమ్ బొమ్మల కథల్ని (స్ట్రిప్‌లు) మన దగ్గర పుస్తకాలుగా వేసిన ఇంద్రజాల్ మొదలైంది 1964లో. లీ ఫాక్ రాసిన ఫాంటమ్ మాత్రం అమెరికా పేపర్లలో 1936 నుంచి రోజూ, 1939 నుంచి ఆదివారాలు వేరే కథగా వచ్చేది. నా దగ్గరున్నవి రోజువారీవా, ఆదివారానివా, ఏ ఏడాదివి? బొమ్మను బట్టి కొంత పోల్చాను. మూడింటిలో గీత మొద్దుగా, వెనకంతా బోసిగా ఉంది, విల్సన్ మెక్కాయ్ గీసినవి అనుకుంటున్నా. మిగతావి సై బ్యారీ గీతలా ఉన్నాయి, అంటే ఆయన గీయడం మొదలెట్టిన 1961, ఆ తర్వాతవి. అక్కడే ఆగిపోయా. స్ట్రిప్ గళ్లలో చిన్నగా ఉండే నెల, తేదీ అంకెలు వీటిలో కనపడవు. పేజీలో పట్టించడానికి కొన్ని గళ్లే ఎగరగొట్టారు. పేర్లు పట్టుకుని వెతుకుదామంటే ఫాంటమ్ ఉండే దేశం బంగల్లా కాస్తా ఇంద్రజాల్‌లో డెంకాలి అయింది, సింగ్ అనే సముద్రపు దొంగలు సింగా అయ్యారు.

విలన్‌ని బట్టో, మొదటి గడిలో మాటల్ని బట్టో అసలు కథ పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎలా చేశారు? ఇంకోటి, స్కానింగ్ కోసం బైండు కుట్టు విప్పొచ్చా? కాగితం ముట్టుకుంటేనే పొడి రాలుతోంది.