కొబ్బరి నీడలో కోకో: ఉపగ్రహ చిత్రంలో గుర్తించగలమా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి):
నమస్కారం. ఏలూరు జిల్లాలో ద్వారకా తిరుమల నుంచి బుట్టాయగూడెం వరకు సాగుభూమినీ సహజ వృక్షసంపదనూ వేరుచేసి చూపే పటం తయారుచేస్తున్నాను. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల స్పష్టత 10 మీటర్లు (చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల గడి) ఉన్నప్పటికీ, నవంబరు చిత్రంలో ఆయిల్‌పామ్, కొబ్బరి, జీడిమామిడి తోటలూ పాపికొండల వైపు అడవీ ఒకే చిక్కటి పచ్చగా వస్తున్నాయి. కోకో అయితే కనిపించనే కనిపించడం లేదు. ఐవరీ కోస్ట్ కోకో పటాల పద్ధతినే అనుసరించాను. పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?

జవాబు (దూరసంవేదన ఉద్యోగి):
మీరు ఎంచుకున్న నెలలోనే చిక్కు ఉందని నా అభిప్రాయం. అక్కడి అడవి చాలావరకు ఆకురాల్చేది కనుక మార్చి నాటికి బోసిపోతుంది. తోటలు మాత్రం పచ్చగానే నిలుస్తాయి. నవంబరు, మార్చి చిత్రాలను జతచేసి చూస్తే అడవీ తోటా చాలా మేరకు విడిపోతాయి. అయితే వాగుల వెంబడి పచ్చగా మిగిలే చెట్లను తోటలుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది, వాటిని విడిగా సరిచూసుకోండి.

జవాబు (కోకో రైతు):
ఐవరీ కోస్ట్‌లో కోకో చాలా చోట్ల పలచని నీడలోనో, నేరుగా ఎండలోనో పెరుగుతుంది కనుక పైనుంచి చూసినా దాని ఆకు కనిపిస్తుంది. మన దగ్గర అది కొబ్బరిలోనూ ఆయిల్‌పామ్‌లోనూ అంతరపంట. మా తోటలో మిట్టమధ్యాహ్నం కూడా రాలిన కోకో ఆకుల మీద వెలుగు చుక్కలు చుక్కలుగానే పడుతుంది. మొద్దుకే అంటుకొని కాసే పసుపు కాయలు పక్క వరుసలోకి వెళ్తే తప్ప నా కంటికే ఆనవు, ఇక ఉపగ్రహానికి ఎలా ఆనుతాయి? తోటలు తిరిగి చూడక తప్పదండీ. చెట్ల కింద ఫోను చూపే స్థానం పక్కకు జరుగుతుంది కాబట్టి, గట్టు మీద గుర్తు పెట్టుకొని అక్కడి నుంచి వరుసలు లెక్కపెట్టుకోండి. ఈ-క్రాప్ (ప్రభుత్వ పంటల నమోదు) వివరాలను తీసుకొనేటట్లయితే అందులో అంతరపంటను కూడా రాశారో లేదో ముందు చూడండి.

జవాబు (దూరసంవేదన ఉద్యోగి):
రైతుగారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఇంకొక విషయం: ఒకే తోటలో మీరు నమోదు చేసుకున్న బిందువులను కొన్ని కంప్యూటర్‌కు పంటలను గుర్తించడం నేర్పే శిక్షణకు, కొన్ని అది సరిగ్గా గుర్తించిందో చూసే పరీక్షకు పంచితే కచ్చితత్వం లేనిపోని స్థాయిలో పెరిగినట్లు కనిపిస్తుంది. కొన్ని ఊళ్లను పూర్తిగా పరీక్షకే కేటాయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పటంలో ‘కొబ్బరి తోట’, ‘ఆయిల్‌పామ్ తోట’ అని మాత్రమే చూపి, వాటి కింద కోకో ఎంత మేర ఉందో ఊళ్లవారీ నమూనా పరిశీలనతో పట్టికగా ఇస్తాను. ‘కోకో పటం’ అన్న శీర్షికనూ మారుస్తున్నాను.