జీపీజీ ప్రైవేట్ కీ ఐదుగురికి పంచాలి, ముగ్గురు కలిస్తేనే తెరుచుకోవాలి: ఎలా?

వేళచ్చేరి_వాసి:
నాకేమన్నా అయితే జీపీజీ (మెయిళ్లకీ ఫైళ్లకీ తాళం వేసే ప్రోగ్రామ్) ప్రైవేట్ కీ బ్యాకప్ ఇంట్లోవాళ్లు తెరవగలగాలి, కానీ ఏ ఒక్కరివల్లా కాకూడదు. ఆ కీని కాపాడే పాస్‌ఫ్రేజ్‌ని (పొడవాటి పాస్‌వర్డ్) ఐదు ముక్కలు చేసి మా ఆవిడకి, తమ్ముడికి, చెల్లెలికి, బావగారికి, ఒక ఫ్రెండ్‌కి ఇస్తే సరిపోతుందా? అందరూ చెన్నైలోనే, వేళచ్చేరి, ముడిచ్చూర్ వైపు.

పరాబోలా:
ముక్కలు చేయకండి. ఒక్క కాగితం పోతే అంతా పోయినట్టే. పైగా నాలుగు ముక్కలు చేజిక్కితే, మిగిలిన కొద్ది అక్షరాలూ కంప్యూటర్ ఇట్టే పట్టేస్తుంది. క్రిప్టోగ్రాఫర్ ఆది షమీర్ 1979లో చెప్పిన పద్ధతి వాడండి. ఇందులో రహస్యం ఒక పరాబోలా అనే వంపు గీతలో దాగుంటుంది, ఒక్కో వాటా దాని మీద ఒక చుక్క. రెండు చుక్కల గుండా ఎన్ని పరాబోలాలైనా గీయొచ్చు, మూడో చుక్క పడితేనే అసలుది ఏదో తేలుతుంది. అందుకే 5లో 3 అని పెడితే, రెండు వాటాలున్నవాడికీ ఏమీ లేనివాడికీ తేడా ఉండదు.

ఈ పద్ధతిలో వాటాలు తీసే ఎస్‌ఎస్‌ఎస్‌ఎస్ టూల్ 128 అక్షరాలు దాటితే తీసుకోదు, కాబట్టి పంచాల్సింది కీని కాదు, పాస్‌ఫ్రేజ్‌ని. నెట్ లేని ల్యాప్‌టాప్‌ని లైవ్ యూఎస్‌బీతో (ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్) బూట్ చేసి, కీ ఇంపోర్ట్ చేసి, ఆ కాపీకి రాండమ్‌గా తీసిన 16 అక్షరాల పాస్‌ఫ్రేజ్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. చాలామంది పాత పాస్‌ఫ్రేజ్ అలాగే ఉంచి, పైన ఇంకో తాళం వేసి, ఆ పై తాళానికే వాటాలు పంచుతారు. తీరా ముగ్గురూ కూర్చుని తెరిచాక లోపల పాతది అడుగుతుంది! ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు, టూల్ సోర్స్ కోడ్‌తో సహా, ఐదుగురి పెన్‌డ్రైవ్‌లలోనూ ఉండొచ్చు.

అడయార్_గట్టు:
ఒక్కో వాటా అంటే ముందు వరుస నంబరు, తర్వాత 32 హెక్స్ అంకెలు (0-9, a-f). ఆ నంబరూ వాటాలో భాగమే, వదిలేయొద్దు. చేత్తో రాస్తే చిన్న బీ (b), 6 ఒకేలా కనిపిస్తాయి, నాలుగేసి అంకెలుగా విడగొట్టి రాయండి. ఒక్క అంకె తప్పినా వచ్చేది చెత్తే, ఎవరి వాటాలో తప్పుందో టూల్ చెప్పదు. అందుకని ఆ వాటా షా-256లో (సరిచూసుకోవడానికి కంప్యూటర్ లెక్కించే వేలిముద్ర లాంటి అంకెలు) మొదటి 8 అంకెలు కాగితం కింద రాయాలి. అది రాయకపోయినా, ఐదూ దొరికితే దారుంది: మూడేసి చొప్పున 10 కలయికలు. ఒక్కటే తప్పైతే, వాటిలో నాలుగు ఒకే జవాబిస్తాయి. అసలుది అదే.

ల్యాప్‌టాప్ ఆపేముందు వాటాలు కలిపి చూడండి. తెరమీదివి కాదు, కాగితం చూసి టైప్ చేయాలి.

2015 డిసెంబర్ వానలకి వేళచ్చేరి, ముడిచ్చూర్ రెండూ మునిగాయి. ఆ వైపు రెండు వాటాలకి మించి ఉంచకండి, మిగతా మూడూ నెల్లూరుకో విజయవాడకో చేర్చండి. జెల్ పెన్ వద్దు, తడిస్తే కారిపోవచ్చు. ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు అసలే వద్దు.

వేళచ్చేరి_వాసి:
థాంక్సండీ. మధ్యలో ఒకరిని తప్పించాలంటే మళ్లీ పంచితే చాలా?

పరాబోలా:
చాలదండీ. పాత వాటాలు మూడు కలిస్తే పాత పాస్‌ఫ్రేజ్ ఎప్పటికీ వస్తుంది, పాత ఫైలూ తెరుచుకుంటుంది. కాపీకి కొత్త పాస్‌ఫ్రేజ్ పెట్టి, కొత్త వాటాలు తీసి, పాత కాగితాలూ ఫైళ్లూ వెనక్కి తీసుకుని నాశనం చేయాలి. కాగితం మీద తేదీ తప్పనిసరి, పాతదీ కొత్తదీ కలిస్తే పనిచేయవు. ఆ మనిషి మీద నిజంగానే అనుమానముంటే కీనే రివోక్ (రద్దు) చేయండి. రివోకేషన్ సర్టిఫికెట్‌ని మాత్రం వాటాలు వేయక్కర్లేదు, నమ్మకమైన ఒకరి దగ్గరుంచండి. దాంతో కీని రద్దు చేయగలరే గానీ ఒక్క మెయిల్ కూడా చదవలేరు.